షాహీన్ మేడం విన్న కంప్యూటర్లు

చాలా కాలం మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను ఆన్ చేస్తే లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి ఒక వాసన వస్తుంది. కాలిన కాగితం వాసనకు దగ్గరగా ఉంటుంది. హన్మకొండలో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. మొన్న స్టోర్ రూములోంచి ఒక పాత మిషన్ తెచ్చి స్విచ్ వేయగానే ఆ వాసన గుప్పుమంది. ఒక్క క్షణం నేను ఆసుపత్రిలో లేను. వరంగల్‌లో మా డిగ్రీ కాలేజీ మేడ మీది ల్యాబ్‌లో, షాహీన్ మేడం కుర్చీ పక్కన నిలబడి ఉన్నాను.

మేడం మా ల్యాబ్ ఇన్‌ఛార్జి. సొంతూరు కేసముద్రం. వాళ్ల నాన్న అక్కడి మార్కెట్ యార్డులో ధాన్యం తూకం వేసేవారు. మేడం గొంతు ఎంత పెద్దదంటే కింద గేటు దగ్గర నిలబడినా వినిపించేది. నేను నేతగాళ్లుండే కొత్తవాడ పిల్లను. మా అమ్మానాన్నలు జంపఖానాలు నేసేవాళ్లు. కంప్యూటర్ అంటే రంగుల బొమ్మలు, వాటి మీద నొక్కితే తెరుచుకునే కిటికీలు అనుకుని వెళ్లాను. మొదటి రోజు మేడం నన్ను కూర్చోబెట్టిన మిషన్‌లో నల్లటి తెర, మూలన మిణుకుమిణుకుమనే ఒక గీత తప్ప ఏమీ లేదు.

“మేడం, ఇది ఖరాబైనట్టున్నది. బొమ్మలేం వస్తలేవు,” అన్నాను.

“ఖరాబ్ కాలేదు బిడ్డా. దాంట్ల ఏమేమున్నయో దాన్నే అడుగు. lscpu అని కొట్టి చూడు.”

కొట్టాను. తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. నాకేమీ అర్థం కాలేదు. మేడం తెర వైపు తిరగకుండానే “చదివి వినిపియ్యి. గట్టిగ చదువు,” అన్నారు. నేను తడబడుతూ చదువుతుంటే, ఒక్కో లైనుకు అర్థం చెప్పుకుంటూ పోయారు. ఇది ప్రాసెసర్ పేరు, ఇది దాని వేగం. free అని కొడితే మెమరీ ఎంతుందో చెబుతుంది. lsblk అని కొడితే లోపల ఏయే డిస్కులున్నాయో చెబుతుంది. మిషన్ మూత విప్పకుండానే దాని కడుపులో ఏముందో తెలుసుకోవచ్చని ఆ రోజు తెలిసింది. ఇంటికి వెళ్లి అమ్మకు చెబితే, “డాక్టరమ్మ లెక్కనే చేసినవ్ గదా,” అని మురిసిపోయింది.

ఆ గట్టిగా చదివించడం మా కోసమే అనుకునేవాళ్లం. నర్సంపేట వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే స్వప్న అనే స్నేహితురాలు ఉండేది నాకు. క్లాసులో ఎవరైనా పేరు అడిగినా తల దించుకునేది. అలాంటిది, డిస్కుల పేర్లు, సైజులు చదివి చదివి కొన్ని నెలల్లోనే ల్యాబ్ అంతా వినపడేలా మాట్లాడసాగింది. మేడం మాకు ధైర్యం నేర్పుతున్నారని చెప్పుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం నేనూ మేడం ఒక మిషన్ విప్పుతున్నాం. “జ్యోతీ, స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టినవ్?” అని అడిగారు. అది ఆమె చేతి పక్కనే, జానెడు దూరంలో ఉంది. ఆమె చెయ్యి బల్ల మీద తడుముకుంటూ దాన్ని దాటిపోయింది. నేను తీసి చేతిలో పెట్టాను. ఆమె దాచుకోలేదు.

“నాకు నడుమ కనిపిస్తది గని పక్కలకు కనిపియ్యదు బిడ్డా. ఏటేటా జర తగ్గుతాంది. దవాఖానలన్ని తిరిగిన. మందు లేదన్నరు.” స్క్రూ బిగిస్తూనే చెప్పారు. “తెర మీద బొమ్మ ఎక్కడున్నదో దేవులాడుడు నాతోని కాదు. అక్షరాలైతే ఎవరన్నా చదివి చెప్తరు. అందుకే నాకీ నల్ల తెర మంచిగనిపిస్తది.”

విషయం ప్రిన్సిపాల్ సార్‌కు కూడా మేడమే చెప్పారట. సార్ మంచివారే. కష్టపెట్టకూడదనే ఉద్దేశంతో, వచ్చే ఏడాది నుంచి లైబ్రరీలో కూర్చోమన్నారు. అక్కడ పని తేలిక. ఆ మాట చెప్పిన రోజు మాత్రం మేడం గొంతు మాకు వినిపించలేదు.

మా చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష ముందు రోజు సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చింది. తెల్లవారి ల్యాబ్‌కు వెళితే సగం మిషన్లు లేవలేదు. బయటి నుంచి పరీక్ష పెట్టే సార్ రావలసిన రోజు. ప్రిన్సిపాల్ సార్ గుమ్మంలో నిలబడి, “మేడం, పరీక్ష ఇంకో కాలేజీకి మారుస్తమని చెప్పేస్త. ఇది మీతోని అయ్యేది కాదు,” అన్నారు. పరీక్ష తరలిపోతే మేడం లైబ్రరీకి తరలిపోవడం కూడా ఖాయమని మాకందరికీ అర్థమైంది.

“జర టైమియ్యండి సార్. మధ్యాహ్నానికి పెట్టుకుందాం,” అని మేడం తన కుర్చీని గది మధ్యకు లాక్కుని కూర్చున్నారు. “ఫికర్ చెయ్యకుండ్రి పిల్లలూ. ఒక్కొక్కరు ఒక్కో మిషన్ కాడికి పోండ్రి. పెన్‌డ్రైవ్ పెట్టి, దాంతోనే మిషన్ లేపి నల్ల తెర తెరువుండ్రి. ఏం కనిపిస్తే అది చదువుండ్రి.”

గది నిండా గొంతులు లేచాయి. ఆమె కళ్లు మూసుకుని వింటున్నారు.

“మేడం, నా దాంట్ల పెన్‌డ్రైవ్ ఒక్కటే చూపెడుతాంది. డిస్కు లేదు,” అంది స్వప్న.

“వైరు పీకి మళ్ల పెట్టు. ఇప్పుడు?”

“లేదు మేడం.”

“అయితే డిస్కే పోయింది. మిషన్ మంచిదే. ఆగు.”

“నాకు మెమరీ సగమే చూపిస్తాంది మేడం,” అన్నాను నేను.

“మెమరీ ముక్కలు తీసి, బంగారం లెక్క మెరిసే అంచులను రబ్బరుతోని రుద్ది పెట్టు.”

పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది పెట్టి, మళ్లీ free అని కొట్టాను. మెమరీ మొత్తం వచ్చింది. నేను అరిచిన అరుపుకు గదంతా నవ్వింది.

“కిటికీ పక్కది అసలే లేస్తలేదు కద. దాని డిస్కు బతికే ఉండొచ్చు. తీసి స్వప్న మిషన్ల పెట్టి చూడుండ్రి,” అన్నారు మేడం.

పెట్టాం. స్వప్న lsblk కొట్టి, డిస్కు పేరు గదంతా వినపడేలా చదివింది. రెండు చెడిపోయిన మిషన్లు కలిసి ఒకటిగా లేచాయి. అలా ఒక్కొక్కటే లేపుకుంటూ పోయాం. మధ్యాహ్నం పరీక్ష మా ల్యాబ్‌లోనే, లేచిన మిషన్ల మీదే రెండు జట్లుగా జరిగింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ సార్ అడిగారు. “ఇంతమంది ఒక్కసారే చెప్తుంటే ఎట్ల యాదికి పెట్టుకున్నరు మేడం?”

“మా నాయన కాంటా కాడ ఇట్లనే ఉంటుండె సార్. అందరు ఒక్కసారే మాట్లాడుతరు. మనకు కావాల్సింది మనం ఇనాలె.”

లైబ్రరీ ఊసు మళ్లీ రాలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన కొన్నాళ్లకు మేడం చూపు దాదాపుగా పోయిందని, సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నారని తెలిసింది. వెళ్లాను. నన్ను గొంతుతో గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను ఏడ్చేశాను.

“ఎందుకేడుస్తవ్? ఏం పోయిందో చూసుకుంట కూసుంటే పొద్దుగూకుతది. ముందు ఏమున్నదో చూడాలె,” అన్నారు. “నేను గూడ ఈ మాట మరిచిపోయి నెల రోజుల సంది ఇంట్ల కూసున్న,” అని తనే నవ్వారు.

తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి నాకు తెలుసు. ఆ రోజే ఆమె ల్యాప్‌టాప్‌లో పెట్టాను. మేడం వేళ్లు తడబడకుండా lscpu కొట్టాయి. మిషన్ పొడిపొడిగా, విరిచి విరిచి చదవడం మొదలుపెట్టింది. మేడం చెవి దగ్గరపెట్టి విని, “మన స్వప్న అంత మంచిగ చదువ వస్తలేదు దీనికి,” అన్నారు. తర్వాతి వారం కాలేజీకి వెళ్లారు. ఇప్పటికీ వెళుతున్నారు.

ఆసుపత్రిలో మిషన్ ఆగిపోతే నేను ఊహించను, కంగారుపడను. కూర్చుని దాన్నే అడుగుతాను. కానీ నాకు మేడం ఇచ్చింది ఆ పనితనం మాత్రమే కాదు. నిరుడు నా భర్త పనిచేసే కంపెనీ మూతపడింది. ఇద్దరం వంటింట్లో కూర్చుని ఏమేం పోయాయో చెప్పుకుంటూ పోయాం. స్టవ్ మీద టీ మరిగి పొంగింది. నేను లేచి మంట తగ్గించి, “సరే, ముందు ఏమున్నదో చెప్పు,” అన్నాను.

“డ్రైవింగ్ వచ్చు,” అన్నాడు. “ఒంట్ల సత్తువున్నది,” అన్నాడు. ఇంకా ఏముందా అని చాలాసేపు ఆలోచించాడు. తర్వాత నా వైపు చూసి, “నువ్వున్నవ్,” అన్నాడు.

అక్కడి నుంచి మొదలుపెట్టాం.