గోపురానికి నేను పూసిన సిమెంటు

మొన్న శాలిబండలో మా గల్లీ చివరి పాత గుడి గోపురాన్ని విప్పుతున్నారని తెలిసి, మోకాళ్ళ నొప్పి సంగతి మరచి గబగబా వెళ్ళాను. పైన సిమెంటు పెచ్చు ఊడదీయగానే లోపలి ద్వారపాలకుడి ముఖం తడిసిన పిండిలా జారి కింద పడింది. ఆ ముఖాన్ని సున్నంతో మలిచినవాడు మా తాత. సిమెంటు పూసినవాణ్ణి నేను. ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రాతి గర్భగుడి ముందు ఇటుకతో లేపిన ఆనాటి గోపురాలన్నీ గానుగ సున్నంతో నిలిచినవే. సున్నమూ ఇసుకా రాతిచక్రం కింద నూరి, కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపి, మా బాపు రోజూ దాన్ని తాకి చూసి, ఇంకా కాలేదని పక్కన పెట్టేవాడు. ఆ ఆలస్యం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అప్పటికే యాకుత్‌పురాలో ఇళ్ళకు సిమెంటు పనులు చేస్తూ, నా అంత మేస్త్రీ లేడనుకునే పొగరులో ఉన్నాను.

ఒక ఏడాది వానలకు గోపురం కురిసింది. బాపు జ్వరంతో మంచం పట్టాడు. బోనాలు దగ్గరపడుతున్నాయని గుడి పెద్దలు తొందరపెడితే, ఆయనను ఒక్కమాట అడగకుండా మూడు రోజుల్లో గోపురమంతా సిమెంటు పూసేశాను. అందరూ మెచ్చుకుని శాలువా కప్పారు.

బాపు లేచి తిరగగలిగిన రోజున వచ్చి, చాలాసేపు పైకి చూసి, "గిట్లెట్ల చేసినవ్ బిడ్డా? లోపలి తడి ఇగ ఏడికి పోతది?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ తరువాత ఆయన నన్ను గానుగ దగ్గరికి పిలవలేదు, నేనూ పోలేదు. బతికున్నన్నాళ్ళూ ఆ గుడి ముందు నుంచి రాకుండా, హుస్సేనీ ఆలం వైపు చుట్టు తిరిగి ఇల్లు చేరేవాడు.

ఇప్పుడు గానుగలూ లేవు, సున్నపు బట్టీలూ లేవు, ఎక్కడ చూసినా రంగులు పూసిన సిమెంటు బొమ్మలే. అందుకు ఎవరినీ తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఇప్పటి గుడి పెద్దలు మాత్రం పాత పద్ధతిలోనే కట్టాలని పట్టుబట్టారు. వాళ్ళలో ఒకాయన అందరి ముందూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "పెద్దయ్యా, మీ బాపు మస్తు పనిమంతుడంట గద, సున్నం ఎన్ని దినాలు నానబెట్టాలె?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

నాలుగు తరాలు మా ఇంటికి అన్నం పెట్టిన పని అది. నాకు తెలియదని చెప్పాను.