ఊఁ అంటే అవునని రాసింది నేనే

ఆ జాబితాలో తొమ్మిది మాటలు ఉండేవి. అవును, అవ్, ఆఁ, హా, సరే, తీరింది, అయింది, వచ్చినాయి. తొమ్మిదోది ఊఁ. మొదటి ఎనిమిదీ ఎవరైనా రాయగలిగినవే. తొమ్మిదోది నా సొంత తెలివి. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

కడపలో ఇంజనీరింగ్ చదివి, కర్నూలులో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. మా పని పల్లెలకు తాగునీళ్లు అందేలా చూడడం. ఊళ్లో నీళ్లు లేకపోతే జనం మా నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తారు. ఫిర్యాదు నమోదవుతుంది. రెండు రోజులాగి మా యంత్రం వాళ్లకు ఫోన్ చేసి, సమస్య తీరిందా అని ఆడగొంతుతో అడుగుతుంది. తీరలేదన్నవి మాత్రమే మండలాఫీసులో తెరమీద కనిపిస్తాయి. ట్యాంకర్లు వాటికే పోతాయి. చదువు రానివాళ్లు కూడా నోటితో చెప్పుకోవచ్చన్నది మా గొప్ప. ఏ మాటంటే అవును, ఏ మాటంటే కాదు అని యంత్రానికి నేర్పే పని నాది.

ఇంకో తెలివి కూడా చూపించాను. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగే ఓపిక జనానికి ఉండదని, మధ్యలో జవాబిచ్చినా యంత్రం పట్టుకునేలా చేశాను. ఆఫీసులో పదిమందిమి పరీక్షించాం. అందరం చదువుకున్నవాళ్లమే. ప్రశ్న వినడం, ఒక్క మాటలో జవాబు చెప్పడం. ఎక్కడా తప్పు రాలేదు.

ఆ ఏడాది మా సంస్థ ఒక బహుమతికి పోటీ పడింది. దానికి వీడియో కావాలన్నారు. జనం బాగా తృప్తిగా ఉన్న ఊరొకటి వెతకమని మా పెద్దసారు నాకు చెప్పాడు. పట్టిక తీసి చూస్తే, పత్తికొండ దాటాక ఉన్న ఒక కాలనీ అన్నిటికన్నా పైన ఉంది. అక్కడినుంచి వచ్చిన ప్రతి ఫిర్యాదూ మొదటి ఫోన్‌కే 'తీరింది' అని మూసుకుపోయింది. కెమెరా పట్టుకుని పొద్దున్నే జీపులో బయల్దేరాను.

కాలనీ మొదట్లో నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. తలుపుకు తాళం, తాళానికి సాలెగూడు. ఆడవాళ్లంతా బోరింగు దగ్గర ఉన్నారు. ఆ బోరు నీళ్లకు బిందెల అంచులు తెల్లగా పెచ్చుకట్టి ఉన్నాయి. ఒక అవ్వ గోడ పట్టుకుని, ఫ్లోరైడుతో బిగుసుకుపోయిన మోకాళ్లు వంచకుండా నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఏమప్పా, ఆ ఫోన్లో మాట్లాడే అమ్మణ్ణి మీ మనిషేనా?"

అవునన్నాను.

"శానా మర్యాదగా మాట్లాడ్తాది. కానీ నా మాట ఇనదు. నేను ఊఁ అనంగానే ధన్యవాదాలని పెట్టేస్తాది."

"ఊఁ అని ఎందుకంటావవ్వా?"

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. "ఎవురన్నా చెప్తాంటే ఊఁ అనకుండా మొద్దు మాదిరి నిలబడాల్నా? చర్చిలో అయ్యగారు వాక్యం చెప్తాంటే గూడా ఊఁ అంటాం. ఆయప్ప మధ్యలో లేచి ఇంటికి పోతాడా?"

బోరింగు దగ్గర అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"పెద్దాస్పత్రి డాక్టరు ఈ బోరు నీళ్లు ముట్టొద్దన్యాడు. ముట్టకుంటే ఏం తాగేది?" అందామె. "ముందరైతే మేమే ఆఫీసుకు పోయి అరిస్తే ట్యాంకరు వచ్చేది. ఇప్పుడు పోతే, ఫోన్ చెయ్యవ్వా అంటాడు ఆడ గుమాస్తా."

జీపులో కూర్చుని ఆమె కాల్ రికార్డింగు విన్నాను. "నమస్కారం" అంది యంత్రం. "మీరు తాగునీటి గురించి ఫిర్యాదు చేశారు." "ఊఁ" అంది అవ్వ. అంతే. అసలు ప్రశ్న అడగకుండానే ఫిర్యాదు మూసుకుపోయింది. "ఓ అమ్మణ్ణీ, యాడ పోయినావు?" అన్న అవ్వ మాట చివర్లో సగం వినిపించింది. ఆ కాలనీవి ఇంకో పది రికార్డింగులు విన్నాను. అన్నీ అంతే.

నాకు తెలియని సంగతి కాదిది. రాయచోటినుంచి మా అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ నేను ఊఁ, ఊఁ అంటూనే ఉంటాను. "ఊఁ అంటాండావు గానీ ఇంటాండావా?" అంటుంది. ఊఁ అంటే అవును కాదని మా అమ్మకు తెలుసు. నాకూ తెలుసు. జాబితా రాసేటప్పుడు మాత్రం తెలియదు.

కర్నూలుకొచ్చి పెద్దసారుకు రికార్డింగు వినిపించాను. ఒక్క పదం తీసేస్తే చాలు, ఐదు నిమిషాల పని అన్నాను.

"తీసేస్తే మూసిన ఫిర్యాదులన్నీ తెరుచుకుంటాయా?"

"తెరుచుకుంటాయి సార్."

"వచ్చే వారం న్యాయనిర్ణేతల ముందు గ్రాఫు పెట్టాలి తమ్ముడూ. ఇప్పుడు అది కింద పడితే ఎట్లా?" కాసేపు పెన్ను తిప్పాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. "అసలిది టెక్నాలజీ సమస్యే కాదు. జనం అలవాటు సమస్య. అలవాట్లు మార్చడమే కదా మన పని!"

మూడో రోజుకు పోస్టరు అచ్చయి వచ్చింది. అందులో నోటిమీద వేలు పెట్టుకుని నవ్వుతున్న ఒక ఆడమనిషి. కింద పెద్ద అక్షరాలు: 'ఫోన్‌లో ఊఁ అనకండి. ప్రశ్న పూర్తిగా వినండి.' అచ్చుతప్పులు దిద్దింది నేను. తీసుకుపోయి ప్లాంటు తలుపుకు అంటించిందీ నేనే. పోనని చెప్పలేదు. జీతం తీసుకునేవాణ్ణి.

"ఊఁ అనగూడదా?" అంది అవ్వ.

"అనొద్దవ్వా. ఊరకే ఇను."

తర్వాతి వారం ఆమె రికార్డింగు తెరిచాను. యంత్రం మాట్లాడింది. అవ్వ కిక్కురుమనలేదు. దూరంగా ఒక కోడి అరిచింది. ఎవరో బిందె కింద పెట్టారు. "మీ సమస్య తీరిందా?" అవ్వ ఊపిరి వినిపిస్తోంది. అమ్మణ్ణి ఇంకేమైనా చెబుతుందేమోనని మర్యాదగా ఆగింది. ఒకటి, రెండు, మూడు. యంత్రం 'స్పందన లేదు' అని రాసుకుని ఫిర్యాదు మూసేసింది. మూడు సెకన్లు మౌనంగా ఉంటే మూసేయమని రాసింది కూడా నేనే.

మరుసటి రోజు సెలవు పెట్టి, అవ్వను ఆటోలో ఎక్కించుకుని మండలాఫీసుకు పోయాను. ఆమె కొంగులోంచి సీసా తీసి గుమాస్తా బల్లమీద పెట్టింది.

"తాగు సారూ. మా బోరు నీళ్లు."

అతను సీసాను వేలితో పక్కకు జరిపాడు. "నేనేం జేసేదవ్వా? మీ కాలనీ తెరలో లేదు. తీరిందని ఉండాది."

నేను అక్కడే బెంచీమీద ల్యాప్‌టాప్ తెరిచాను. నా పాస్‌వర్డుతో లోపలికి పోయి, ఊఁ తీసేశాను. మూడు సెకన్లకే మూసేయమన్న ఆదేశం తీసేశాను. ఆ రెండింటి వల్ల మూసుకుపోయిన ఫిర్యాదులన్నీ తెరిచాను. నిజంగానే ఐదు నిమిషాలు పట్టింది.

గుమాస్తా తెర చూసుకున్నాడు. "ఆఁ, ఇప్పుడొచ్చినాది. ఇది ముందే చేసింటే అయిపోయేది కదప్పా."

ఆఫీసుకొచ్చి అరవగల అవ్వకూ ట్యాంకరుకూ మధ్య ఒక తలుపు కట్టి, దాని తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. దాన్నే సేవ అనుకున్నాను.

పెద్దసారు నన్ను తిట్టలేదు. కొత్త లెక్కలు పక్కన పెట్టి న్యాయనిర్ణేతలకు పాత గ్రాఫే చూపించాడు. నేను ఫిర్యాదులు తెరిచిన మరుసటి రోజు కాలనీకి ట్యాంకరు వచ్చినప్పుడు ఎవరో తీసిన అవ్వ ఫొటోను దాని పక్కన పెట్టాడు. 'ఒక్క ఫోన్ కాల్‌తో' అని కింద రాయించాడు. హాలంతా చప్పట్లు. పక్కవాళ్లు చూస్తున్నారని నా చేతులు కూడా రెండుసార్లు కలిశాయి. బయటికొచ్చి చేతులు కడుక్కున్నాను.

ఆ సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది.

"అప్పా, నీళ్లు వస్తాండాయి. ఇప్పుడన్నా ఊఁ అనొచ్చునా?"

"అనవ్వా."

"తలుపుకున్న మీ పటం గూడా పనికొచ్చింది లే. మందం కాగితం, బాగా అంటుకుంది. దాంతోనే పొయ్యి రాజేసి, ట్యాంకరు నీళ్లతో సంగటి కెలుకుతాండా."