రిటర్నింగ్ వాల్

మొన్న ఆటో పక్కకు ఆపి చాయ్ తాగుతుంటే, నాలా అవతలి గట్టున ఇద్దరు తాడు పట్టుకొని ముగ్గు పోస్తూ కనబడ్డారు. పండగ ముగ్గు కాదు, గోడకు పునాది తవ్వే ముందు పోసే సున్నపు గీత. "ఏం కడుతున్నరన్నా?" అని ఇవతలి నుంచి కేకేశాను. "వరద గోడ! పైసలు శాంక్షన్ అయినయ్" అన్నాడొకడు. చాయ్ చేతిలోనే చల్లారిపోయింది.

ఆ గోడ కోసం తిరిగినవాడు మా చిన్నాయన. కార్ఖానా ఏరియాలో సైకిల్ షాపు, మా బస్తీ కమిటీకి అధ్యక్షుడు. ఆయన ఇల్లు అవతలి గట్టున, మాది ఇవతల. మధ్యలో నాలా, దాని మీద ఇరుకు వంతెన, ఆ వంతెన మీదుగా చిన్నమ్మ పంపే టమాట పచ్చడి. వానాకాలం నీళ్లు రెండు వైపులా చుట్టాల్లాగ చెప్పకుండా వచ్చేవి. మున్సిపల్ ఆఫీసులో రిటెయినింగ్ వాల్ అన్నదాన్ని చిన్నాయన "రిటర్నింగ్ వాల్" అనేవాడు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ని, అసలు మాట అప్పుడు నాకూ తెలియదు. రిటర్న్ అంటే మాత్రం తెలుసు, రైలు టికెట్ పుణ్యాన. "నీళ్లొచ్చి గోడకు సలాం కొట్టి రిటర్న్ అయితయా చిన్నాయనా?" అంటే, "అయితయిరా, నీలెక్క ముచ్చట్లు పెట్టుకుంట కూసోవు" అనేవాడు.

చివరికి పైసలు వచ్చాయి, ఒక్క గట్టుకు సరిపోయేటన్నే. ఏ వైపు ముందో మీరే తేల్చుకోండి అన్నారు ఇంజినీరు సారు. చర్చి హాల్లో మీటింగ్ పెట్టారు. అవతలి గట్టు పల్లం, ముందు అటే కట్టాలని మా వైపువాళ్లే కొందరన్నారు. చిన్నాయన లేచి, "ఇటే కట్టున్రి. నా ఇంటి దిక్కు షురూ చేస్తే, అధ్యక్షుడు గోడను ఎత్తుకపోయిండంటరు" అన్నాడు. వెనక బెంచీ మీంచి చిన్నమ్మ, "నీ ఇజ్జత్ అడ్డం నిలబడితే నీళ్లాగుతయా?" అన్నది. హాలంతా నవ్వింది. అటు గోడ వచ్చే బడ్జెట్‌లో అని తేలిపోయింది.

ఇటు గోడ లేచిన ఏడాదే పెద్ద వాన పడింది. మా గోడకు కొట్టుకున్న నీళ్లు నిజంగానే రిటర్న్ అయ్యాయి, నేరుగా అవతలి గట్టు మీదికి. మా వాకిలి తడవలేదు. చిన్నాయన ఇంటి వెనకగోడ కూలి, బియ్యం డబ్బా, చిన్నమ్మ కుట్టుమిషను, పెళ్లి ఫోటో అన్నీ కొట్టుకుపోయాయి. నీళ్లు తగ్గాక నేను పోతే, ఆయన మోకాటి లోతు బురదలో నిలబడి, "నువ్వన్నట్టే అయిందిరా. రిటర్నింగ్ వాలే" అన్నాడు. నవ్వుతాడేమోనని ముఖంలోకి చూశాను. నవ్వలేదు.

వాళ్లు యాప్రాల్‌లో కిరాయి ఇంటికి మారిపోయారు. అక్కణ్నుంచి కూడా చిన్నాయన సైకిలెక్కి వచ్చి ఆఫీసు చుట్టూ తిరిగేవాడు. "ఇల్లే పాయె, ఇంక గోడెందుకయ్యా" అని చిన్నమ్మ అంటే, "గోడ రానీ, ఇల్లు మళ్ల కట్టుకుందం" అనేవాడు. ఎప్పుడొస్తుందని ఎవరడిగినా ఒకటే మాట: "వచ్చే బడ్జెట్ల." అలా అంటూ అంటూనే పోయాడు.

ముగ్గు సంగతి చెబుదామని చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"యాడి దాంక పోసిన్రు?"

"మీ వంటింటి జాగ దాంక, చిన్నమ్మా."

"జెర పైలం బిడ్డా, దాని మీద నడువకు. చెదిరితే మళ్ల ఎప్పుడు పోస్తరో ఏమో."

ఒకప్పుడు చిన్నమ్మ వంటిల్లు ఉన్నచోట పిచ్చిమొక్కల నడుమ తెల్లగా ఆ గీత. చిన్నాయన చెప్పిన వచ్చే బడ్జెట్ ఇన్నాళ్లకు వచ్చింది. దానికోసం తిరిగిన మనిషే పోయిన బడ్జెట్లలో ఎక్కడో ఆగిపోయాడు.