ముందు వాటి భోజనం

పిన్ని పోయిందని బాబాయి ఫోన్ చేసినప్పుడు జెర్సీ సిటీలో ఆఫీస్‌కి బయలుదేరుతున్నాను. "మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా" అని, "కొండమీద ఇంకా మంచు కరగనే లేదు" అన్నాడు. బయటివాళ్ళకి ఆ రెండో మాట వింతగా ఉంటుంది కానీ మా ఇంట్లో కాదు. ఏటా మంచు కరిగే వేళకి పిన్ని కొలరాడో కొండల్లో ఉండాలి, అంతే. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఏవైనా ఆ తరవాతే.

ఆవిడ పని మార్మట్లని చూడటం. ఉడుత జాతివే కానీ పిల్లికంటే బొద్దుగా ఉంటాయి. చలికాలమంతా బొరియలో నిద్రపోయి, వసంతంలో మంచుని తోసుకుని పైకి వస్తాయి. ఏ యేడు ఎప్పుడు వచ్చాయి, అప్పటికి గడ్డి మొలిచిందా లేదా అని పిన్ని చూసి రాసుకునేది. యూనివర్సిటీలో రిటైరై, ప్రాజెక్టు మూతపడ్డాక కూడా మానలేదు.

నేను ఎమ్మెస్‌కి వచ్చినప్పటినుంచీ సెలవు దొరికితే ఆవిడ దగ్గరికే. చెట్లు ఆగిపోయే ఎత్తులో ఒక చెక్క గది, ముందు రెండు మడత కుర్చీలు, ఎదురుగా రాళ్ళ వాలు. అంత ఎత్తులో గిన్నెలో వండితే అన్నం పలుకుగానే ఉండిపోతుంది. అందుకని మొదటి ఏడాది పిన్ని కుక్కర్ మోసుకెళ్ళిందట. పొద్దున్నే బియ్యం పెట్టి, బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుంది. విజిల్ వచ్చిందో లేదో, మార్మట్లన్నీ తామూ ఈలేసి బొరియల్లో దూరాయి. వాటికి ఈలంటే గద్దో నక్కో వచ్చిందని హెచ్చరిక. ఆ పూటంతా ఒక్కటీ తల బయటపెట్టలేదు. "పీహెచ్‌డీ చేసినదాన్ని, పప్పన్నం కోసం కాలనీ మొత్తాన్నీ ఇంట్లో కూర్చోబెట్టాను" అని ప్రతిసారీ కొత్తగా నవ్వేది.

అప్పట్నుంచి అక్కడ ఒకటే రూలు. ముందు వాటి భోజనం, తరవాత మనది. అవి మేత ముగించి లోపలికెళ్ళాకే స్టవ్ వెలిగేది. నాకు ఆకలికి ప్రాణం పోయేది. "పిన్నీ, ఇవాళ ఏదీ రాలేదు, లంచ్ చేసేద్దామా?" అంటే, "రాలేదని చూశాం కదే, అదీ పనే" అనేది. నాకు ఓపికంటూ ఏదైనా ఉంటే, ఆ కుర్చీలో ఆవిడ పక్కన కూర్చుంటే వచ్చిందే. తీరా కుక్కర్ కూసినప్పుడు ఏదో ఒకటి ఉలిక్కిపడి ఈలేస్తే, గుమ్మంలోకి వచ్చి, "మా అన్నమేలే నాయనా, నీ జోలికెవరూ రారు" అని నచ్చజెప్పేది. ఏ పనీ చెయ్యకుండా పెద్ద రాయెక్కి అందర్నీ చూస్తుండే లావుపాటి మగదానికి మేనేజర్ అని పేరు పెట్టింది. "మీ ఆఫీస్‌లోనూ ఉంటాడుగా ఒకడు" అనేది. ఉన్నాడు మరి.

పోయేముందు ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్తే ఆవిడకి ఒకటే దిగులు. "ఈసారి ఎవరు చూస్తారే? ఒక్క ఏడాది వదిలేస్తే ఆ ఏడాదిని మళ్ళీ తేలేం."

"నేను వెళ్తా పిన్నీ."

"నీకు లీవ్ ఇస్తారా?"

"అప్లై చేస్తా. ఇవ్వకపోతే అక్కణ్ణుంచే లాగిన్ అవుతా."

"అక్కడ సిగ్నల్ ఎక్కడిదే, మొద్దూ!" అని నవ్వబోయి దగ్గింది. "కుక్కర్ గాస్కెట్ పాతదైపోయింది. కొత్తది కొనుక్కెళ్ళు."

నాతో ఆవిడ ఆఖరిమాట అదే. చెబితే అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఏడుపొస్తుంది.

లీవ్ ఇచ్చారు. బాబాయి కొండ కిందిదాకా డ్రైవ్ చేసి దింపాడు. పైకి రాలేనన్నాడు, మోకాళ్ళ వల్లట. కుర్చీలు రెండూ వేశాను. ఒక్కటే వెయ్యడానికి చెయ్యి రాలేదు. కొన్నాళ్ళు ఏదీ రాలేదు. రాలేదనే రాసుకున్నాను. ఆ తరవాత ఒక పొద్దున పెద్ద రాయి పక్కన మంచు కదిలి, మట్టికొట్టుకున్న ముక్కొకటి బయటికి వచ్చింది. చెవికి పిన్ని తగిలించిన గుర్తు బిళ్ళని బట్టి మేనేజరే. చిక్కి సగమయ్యాడు. "వచ్చాడు పిన్నీ" అని పైకే అన్నాను.

వాడు మంచు కరిగినచోట నాలుగు గడ్డిపరకలు కొరికి లోపలికెళ్ళేదాకా ఆగి, కుక్కర్ పెట్టాను. మొదటి విజిల్‌కే బొరియలోంచి ఈల వినిపించింది. పరుగున గుమ్మంలోకి వెళ్ళి, "మా అన్నమేలే నాయనా, నీ జోలికెవరూ రారు" అన్నాను. మేనేజర్ తల బయటపెట్టాడు. బొరియ అంచున ముందుకాళ్ళెత్తి నిలబడి, ఇంకెవరో రావాలన్నట్టు, చాలాసేపు గుమ్మం వైపే చూశాడు.