గట్టు మీది బాణం గుర్తు

పాత సర్వేవాళ్లు ఎత్తు కొలతకు గుర్తు చెక్కిన రాళ్లను వెతకడం నా సరదా. అలాంటి ఒక రాయి కోసమే విశాఖ నుంచి సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వెళ్లాను.

చేను గట్టు మీద నా చేతిలో మ్యాపు చూసి ఒక ముసలామె అడ్డం వచ్చింది.

"ఫ్యాక్టరీకి భూమి కొలవనీకి వచ్చిండ్రా, సారూ?"

"లేదమ్మా. పాత రాయిని ఫొటో తీసుకుని వెళ్లిపోతాను."

ఆమె నన్ను కాసేపు పరకాయించి చూసి, పక్కనున్న కందికట్టెను తొలగించింది. కింద రాయి మీద బాణం గుర్తు చెక్కుచెదరలేదు.

"కొలిచేటోళ్లకు కనవడొద్దని నేనే కప్పిన," అంటూ గట్టు మీద కూలబడింది. "నిన్ను సూడంగనే భూమి పోయినట్టే అనుకున్న బిడ్డా. కూసో, రొట్టె తిని పో."

జుట్టు నెరిసిన వాణ్ని మావైపు ఎవరూ బిడ్డా అనరు. రాయి దొరికినందుకన్నా, ఆమెకు నేను సారును కాకుండా పోయినందుకే మనసు తేలికపడింది.