అత్తగారు అడిగించిన ఒరిజినల్స్

అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉన్న కొడుకింటికి వచ్చిన వారానికే, కోడలు రజిని మనసులో ఏదో పెట్టుకుని కుమిలిపోతోందని అనంతలక్ష్మిగారు పసిగట్టేశారు. వంటింట్లో నిలదీస్తే బయటపడింది. రజినికి ఇక్కడి స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం ఖాయమైంది. కానీ బడి తెరిచేలోగా డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ చూపించాలి. అవేమో ఇండియాలో ఒక ప్రైవేటు కాలేజీ బీరువాలో ఉన్నాయి.

పెళ్లికి ముందు రజిని ఆ కాలేజీలో ఎంబీయేకి చేరింది. చేరేటప్పుడు మనవాళ్లందరూ చేసే పనే చేసింది. మొదటి విడత ఫీజు కట్టి, ఫైలు ఫైలంతా కౌంటర్లో అప్పగించి, రసీదైనా అడక్కుండా ఇంటికొచ్చేసింది. క్లాసులు మొదలవకముందే పెళ్లి కుదిరి మానేస్తే, మిగతా కోర్సు ఫీజంతా కట్టి తీసుకుపొమ్మన్నారు. మానేసింది తనే కదా, తప్పు తనదేననుకుని నోరు మూసుకుంది పిచ్చిపిల్ల.

"పోనీలే అమ్మా, ఆ ఫీజేదో కట్టేద్దాం. ఈ జాబ్ మిస్ అయితే మళ్లీ రాదు," అన్నాడు కొడుకు ఉమాకాంత్. చేతిలో నాలుగు డాలర్లు ఆడేసరికి మన కుర్రాళ్లకు ప్రతి చిక్కుకూ ఇదొక్కటే మందు.

"నువ్వాగరా. అసలు పిల్లల సర్టిఫికెట్లు దాచుకునే హక్కు వాళ్లకుందా? చూడమ్మా, ఆ కంప్యూటర్‌లో."

రజిని వెతికింది. యూజీసీ నిబంధన కళ్లెదుటే ఉంది. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. ముందుగా మానేస్తే కట్టిన ఫీజు కూడా వెనక్కివ్వాలి. ఇన్నేళ్లుగా ఇది వెతకాలని తోచనందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ మంటలోనే యూజీసీకి కంప్లైంట్ పెట్టేసింది.

కాలేజీకి ఫోన్ చేసింది మాత్రం అత్తగారే.

"అది మా మేనేజ్‌మెంట్ పాలసీ మేడమ్," అన్నాడు అవతల ఆఫీసాయన.

"మీ పాలసీ మీ దగ్గరే ఉంచుకోండి బాబూ. మా అమ్మాయి కాగితాలు మాత్రం ఇచ్చేయండి."

మా కోడలు అనలేదు, మా అమ్మాయి అంది. పక్కనే ఉన్న రజిని కుర్చీని ఆవిడకు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆ తర్వాత ఆవిడ రోజూ ఫోన్ చేసేది, పెళ్లి కబుర్లు అడిగినంత తీరిగ్గా. విసిగిపోయారో, కంప్లైంట్‌కి బెదిరారో గానీ, చివరికి కాలేజీవాళ్లు రజిని అన్నయ్యను పిలిచి ఫైలు చేతిలో పెట్టారు. ఫీజు కూడా తిరిగొచ్చింది. బడి తెరవకముందే కొరియర్ గుమ్మంలోకి వచ్చింది.

రజిని వంగి కాళ్లకు దండం పెట్టింది. "మీరు లేకపోతే జన్మలో అడిగేదాన్ని కాదు అత్తయ్యా."

"లే, లే," అంటూ అనంతలక్ష్మి ఆ డిగ్రీ కాగితాన్ని వేళ్లతో తడిమింది. "నేనూ అడగలేదులే. టీచర్ ట్రైనింగ్ స్కూల్లో చేరాక పెళ్లని మాన్పించారు. నా టెంత్ సర్టిఫికెట్ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఇంకెందుకులే అన్నారు మీ మామయ్యగారు."

రజిని లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "ఆ ట్రైనింగ్ స్కూల్ ఇప్పుడు ఉందో లేదో. డైరెక్ట్‌గా టెంత్ బోర్డుకే అప్లై చేసి డూప్లికేట్ అడుగుదాం. హాల్ టికెట్ నంబర్ ఉండాలంటారేమో. పాత కాగితం ఏదైనా దొరుకుతుందా?"

"కాగితమెందుకు, రాసుకో," అని అనంతలక్ష్మి నంబరు తడుముకోకుండా చెప్పింది.