సోడా వేసి కడిగిన సీసా

మా ఆవిడ ప్రాణం మీదికి తెచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మాట ఒప్పుకుంటే మిగతావాళ్ల మీద కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

డెబ్బైల చివర. ఢిల్లీ అశోకా రోడ్డులో ఆఫీసు, బస్సులో గంట దూరాన ప్రభుత్వ క్వార్టరు. ఆమెకు ఉన్నట్టుండి గుండె దడదడలాడేది. తలనొప్పి, డిసెంబరులో కూడా చీర తడిసేంత చెమట. పావుగంటలో సర్దుకునేది. డిస్పెన్సరీకి చేరేసరికి బీపీ మామూలుగా ఉండేది.

"అరే భాయ్, టెన్షన్! మదరాసీ భాభీజీకి ఢిల్లీ పడలేదు. పుట్టింటికి పంపించు, ఠీక్ హో జాయేగీ" అని నవ్వేవాడు అక్కడి డాక్టరు. ఆమె ఎదురుగానే కూర్చుని ఉండేది. చెప్పేది మాత్రం నాతో.

ప్రతి దడనూ డైరీలో రాశాను: ఎన్నింటికి, ఎంతసేపు, అప్పుడేం చేస్తోంది. అది చదివిన మొదటి మనిషి పెద్దాసుపత్రిలోని తెలుగు డాక్టరమ్మ.

"కిడ్నీ మీదుండే గ్రంథిలో గడ్డ లేచి, ఒత్తిడి హార్మోన్లు ఒక్కసారిగా కుమ్మరిస్తుండొచ్చు అంకుల్. ఒక రోజంతా మూత్రం పట్టి పరీక్షిస్తే తెలుస్తుంది."

అది జూన్ నెల. ల్యాబ్ కౌంటరు మనిషి పెద్ద గోధుమరంగు సీసా నా వైపు తోశాడు. "మూడు రోజులు కాఫీ బంద్, అరటిపండు బంద్. తర్వాత చౌబీస్ ఘంటే అంతా ఇందులోకి. నెక్స్ట్!"

ఆమెతో పాటు నేనూ కాఫీ మానేశాను. "మీ మూత్రం ఎవరడిగారండీ? మీరు కాఫీ తాగండి" అని నవ్వింది.

సీసా అడుగున నీళ్లలాంటిదేదో ఉంది. ముక్కు అదిరే ఘాటు. ఎవరో వాడిన సీసా కడగకుండా ఇచ్చారనుకున్నాను. బయటి సీసా ఏదైనా కడగనిదే మా ఇంట్లోకి రాదు. సగం పారబోసి చాకలి సోడా వేశాను. బుస్సున పొంగింది. ఎంత మురికో అనుకుని మూడుసార్లు కడిగి, ఎండబెట్టాను. అదీ డైరీలో రాశాను.

ఫలితం నార్మల్. డిస్పెన్సరీ డాక్టరు కాగితం ఊపి, "చెప్పానా లేదా?" అని నిద్రమాత్రలు రాశాడు. నాలుగు నెలలు మింగింది.

"ఏమండీ, నేను వేషాలేస్తున్నానంటారా?" అని ఒకరోజు అడిగింది. ఆ ప్రశ్న డైరీలో ఉంది. ఆ రాత్రి కూడా నిద్రమాత్ర నేనే అందించాను.

తర్వాతి వారం పొయ్యి దగ్గర స్పృహ తప్పి పడింది. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. డైరీ తిప్పుతూ ఆవిడ ఒక వరస మీద వేలు ఆపింది.

"సీసా సోడాతో కడిగారా?"

"మూడుసార్లమ్మా."

"అందులో ఉన్నది యాసిడ్ అంకుల్. కావాలనే పోస్తారు. అది లేకపోతే జూన్ ఎండల్లో హార్మోన్లు నిలవవు. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. సీసా మీద చీటీ లేదు. తిరిగి తీసుకున్నవాడు చూడనైనా లేదు. ఆఫీసు ఫైలులో కామా కదిలితే వివరణ అడిగే నేను, ఆ ఘాటేమిటని అడగలేదు.

రెండోసారి కడగలేదు. హార్మోన్లు ఎన్నో రెట్లు ఎక్కువున్నాయి. నిమ్మకాయంత గడ్డ తీశారు.

'లోపల యాసిడ్ ఉంది, కడగరాదు' అని హిందీలో, ఇంగ్లీషులో చీటీలు టైపు చేసి కౌంటరుకు తీసుకెళ్లాను. "ఆర్డర్ చాహియే, బాబూజీ" అన్నాడు. ఆర్డరు కోసం ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

"బతికే ఉన్నాగా, వదిలెయ్యండి" అంటుంది మా ఆవిడ.

గడ్డ మళ్లీ లేచిందేమోనని ఏటా ఆమె పరీక్షకు వెళ్లినప్పుడు కౌంటరు పక్కనే నిలబడి, సీసా అందుకున్న ప్రతి మనిషికీ చెప్పేవాణ్ణి: కడగొద్దు. కౌంటరు మనిషి విసుక్కునేవాడు. విసుక్కోనీ.